రేస్ ట్రాక్ మీద ఒక్కరోజు పాఠం... ఆ డాలర్లకు తగ్గ ఫలం ఉందా?

వారమంతా కాంక్రీటు, స్టీలు, స్కాఫోల్డింగ్ మధ్య గడిపే మనవాళ్లకు ఆదివారం బైకు తీసి గ్రేట్ ఓషన్ రోడ్డు వైపు వెళ్లడం పెద్ద సరదా. ఊళ్లో స్ప్లెండర్ మీద మొదలైన మోజు ఇక్కడ ఆరొందల సీసీ దాకా వచ్చింది. ఈమధ్య మరో మాట వినిపిస్తోంది. రేస్ ట్రాక్ మీద బైకు నడపడం నేర్పే స్కూల్‌కి ఒక్కరోజు వెళ్తే చాలు, రైడింగే మారిపోతుందట! మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటూ సైట్లలో సూపర్‌వైజర్లుగా పనిచేసే మేం నలుగురం దీని మీద చాలా రోజులే చర్చించుకున్నాం. మాకు తెలిసినవి, తేల్చుకున్నవి మీ ముందు పెడుతున్నాం.

అక్కడ నేర్పేదేమిటి?

మనలో చాలామందిమి ఆర్టీవో మైదానంలో ఎనిమిది అంకె చుట్టి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లమే. మలుపులో బైకు ఎలా ఒరుగుతుందో ఎవరూ చెప్పలేదు. ట్రాక్ స్కూల్ చెప్పేది సరిగ్గా అదే. 1980లో కీత్ కోడ్ అమెరికాలో మొదలుపెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ ఈ రంగంలో పేరున్నది. ఆ పాఠాలు ఆస్ట్రేలియాకూ వచ్చాయి. కాసేపు క్లాసు, కాసేపు ట్రాక్. ఒకసారికి ఒకటే పాఠం. మలుపులో యాక్సిలరేటర్ ఎలా పెంచాలి, ఎక్కడ తిప్పడం మొదలుపెట్టాలి, చేతులు బిగించకుండా ఎలా ఉండాలి... ఇలా సాగుతుంది.

వేగంలో కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ని ముందుకు నెట్టాలి. వినడానికి వింతే గానీ, మనం తెలియకుండా రోజూ చేసే పనే ఇది. తెలిసి చేస్తే గాబరాలో కూడా చెయ్యి మాట వింటుంది. పైగా ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, పక్క సందులోంచి కారు దూరదు. 1989లో ప్రపంచ గ్రాండ్ ప్రి పోటీ జరిగిన ఫిలిప్ ఐలాండ్ ట్రాక్ మీద, సుమారు నాలుగున్నర కిలోమీటర్ల చుట్టు తిరిగి రావడమంటే ఎవరికి ఆశ ఉండదు?

జేబు సంగతి

ఫీజు కొన్ని వందల డాలర్లు. అంతటితో అయిపోదు. లెదర్ సూటు, బూట్లు, గ్లౌజులు కొనాలి లేదా అద్దెకు తెచ్చుకోవాలి. టైర్లు, బ్రేకులు అరుగుతాయి. మెల్‌బోర్న్ నుంచి ఫిలిప్ ఐలాండ్ దాదాపు 140 కిలోమీటర్లు. పని రోజున క్లాసు పడితే, క్యాజువల్‌గా చేసేవాళ్లకు ఆ రోజు కూలీ పోయినట్టే. ఇన్సూరెన్స్ మరో తిరకాసు. చాలా పాలసీలు ట్రాక్ మీద జరిగిన నష్టానికి పైసా ఇవ్వవు. కొన్ని మాత్రం పోటీ లేని శిక్షణను ఒప్పుకుంటాయి. పాలసీ కాగితం చదివి, కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే ఫీజు కట్టండి.

ప్రాణానికి రక్షణేనా?

అసలు ప్రశ్న ఇదీ. విక్టోరియాలో సుమారు 2,400 మంది కొత్త రైడర్లతో విక్‌రైడ్ అనే రోడ్డు శిక్షణను పరీక్షించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లలో ప్రమాదాలు తగ్గినట్టు తేలలేదు. ధైర్యం పెరిగింది, దాంతోపాటే స్పీడూ పెరిగింది! అది రోడ్డు మీద ఇచ్చిన శిక్షణ, ట్రాక్ స్కూల్ కాదు. కానీ హెచ్చరిక ట్రాక్‌కూ వర్తిస్తుందని మా అభిప్రాయం.

అమెరికాలో 1981లో వచ్చిన హర్ట్ నివేదిక ప్రకారం బైకు ప్రమాదాల్లో నాలుగింట మూడు వంతులు వేరే వాహనంతో ఢీకొన్నవే. వాటిలో మూడింట రెండు వంతులు అవతలి డ్రైవర్ దారి ఇవ్వకపోవడం వల్ల జరిగినవే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, మనం తేరుకుని బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పడితే, అప్పటికే 25 మీటర్లు దాటిపోతాం. కూడలిలో ఏ కారు అడ్డం వస్తుందో పసిగట్టే చూపును ట్రాక్ నేర్పదు.

ముందు ఏది, తర్వాత ఏది?

సైట్‌లో మనకు తెలిసిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. ముందు గొయ్యి మూస్తాం, తర్వాత కంచె కడతాం. హెల్మెట్ ఆఖరి కవచం. బైకుకైతే మేం వేసుకున్న వరస ఇదీ. మొదట ఏబీఎస్ ఉన్న బైకు. ఆస్ట్రేలియాలో 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2019 నవంబరు నుంచి, అంతే సామర్థ్యం దాటి రోడ్డు మీద నడిపే కొత్త బైకులన్నిటికీ 2021 నవంబరు నుంచి అది తప్పనిసరి. పాత బైకు కొనేటప్పుడు అడిగి చూసుకోవాలి. రెండోది మంచి జాకెట్, ప్యాంటు, గ్లౌజులు. 2018లో మొదలైన మోటోక్యాప్ వీటికి స్టార్ రేటింగులు ఇస్తోంది, ఉచితంగా చూడొచ్చు. మూడోది ఎమర్జెన్సీ బ్రేకింగ్ నేర్పే రోడ్డు కోర్సు. ట్రాక్ స్కూల్ నాలుగోది.

మా నలుగురిలో ఇద్దరు వెళ్తున్నారు. కొండదారుల్లో బైకు నడపడం వాళ్లకు ఇష్టం, పై మూడూ ఉన్నాయి, డబ్బూ విడిగా దాచుకున్నారు. మూడో ఆయన రోజూ చీకటితో బైకు మీదే సైటుకు వెళ్తాడు. ఆ డబ్బుతో ఏబీఎస్ బైకు చూస్తున్నాడు. నాలుగో ఆయన చెల్లెలి పెళ్లి అయ్యాక చూద్దామన్నాడు. నాలుగు నిర్ణయాలూ సరైనవే అనిపించింది మాకు.

సరదా కోసం, నేర్పు కోసం వెళ్తానంటే ట్రాక్ స్కూల్ డబ్బుకు తగ్గదే. ప్రాణానికి బీమా అనుకుని మాత్రం వెళ్లొద్దు. ఒక్క చెయ్యి విరిగితే ఇక్కడ కూలీ ఆగుతుంది, అక్కడ ఇంటి కంతులూ ఆగుతాయి. ఇంటికి పంపే సొమ్ములోంచి తీసి ఫీజు కట్టాల్సి వస్తే ఇంకో ఏడాది ఆగండి. ట్రాక్ ఎక్కడికీ పోదు.