చూడి నిలిచే లోపు

గుడివాడ నుంచి బందరు దాకా ఏ పాడి రైతును కదిపినా ఒకటే మాట: గేదె తిరగ పొర్లుతోంది. ఎదకొచ్చింది, తీగలు వేసింది, వేళకు సూది వేయించారు. మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ తీగలు. సూది మంచిది కాదనో, వేసినవారికి చేయి తిరగలేదనో అనుకుంటారు. ఒక్కోసారి అదీ నిజమే. కానీ చాలాసార్లు పిండం ఏర్పడుతుంది, నిలవదు. అది వచ్చిపోయిన సంగతి ఎవరి కంటా పడదు.

ఏర్పడిన నాలుగైదు రోజులకు పిండం గర్భాశయంలోకి దిగుతుంది. అప్పటికి మావి లేదు, బొడ్డుతాడు లేదు. వేరు పట్టని నారుమొక్క అది. గర్భాశయం లోపొరలోని గ్రంథులు ఊరించే స్రావమే దాని తిండి: గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వులు. గ్లూకోజులో కొంత ఆ పొర గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది కూడా. రెండు వారాలు దాటేసరికి పిండం దారంలా సాగి, తానున్నానని తల్లికి ఒక ప్రొటీన్‌తో కబురు పంపాలి. తిండి చాలక ఎదగని పిండం ఆ కబురు వేళకు పంపలేదు. చూడి లేదనుకుని గర్భాశయం ప్రొస్టాగ్లాండిన్ వదులుతుంది, గేదె మళ్లీ ఎదకొస్తుంది.

గుర్రంలో ఈ కథ మరీ వింత. ఆరో రోజున గర్భాశయంలోకి వచ్చిన పిండం గుండ్రటి తొడుగులో ఉండి, పదహారో రోజు దాకా ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకు దొర్లుతూనే ఉంటుంది. స్కానింగ్ వచ్చాక ఆ తిరుగుడు కళ్లారా చూడగలిగారు. మావి కుదురుకోవడానికి నెల పైనే పడుతుంది కాబట్టి అన్నాళ్లూ పిండాన్ని పోషించే శక్తిని గర్భాశయం ఎక్కడి నుంచి తెస్తుందన్నది గుర్రాల శాస్త్రవేత్తలకు పెద్ద ప్రశ్న. అయితే గుర్రం తిన్న గింజలోని పిండిపదార్థం పేగులోనే గ్లూకోజై రక్తంలో కలుస్తుంది. గేదెకు ఆ వీలు తక్కువ. మేతంతా ముందు పెద్ద పొట్టలో పులుస్తుంది. అందులోంచి వచ్చే ప్రొపియోనేట్‌తో కాలేయం గ్లూకోజు తయారుచేసుకోవాలి. ఎండుగడ్డి నుంచి వచ్చేది ఎక్కువగా ఎసిటేట్. అది పాలలో వెన్నకు పనికొస్తుంది, గ్లూకోజు కాలేదు.

మన కృష్ణా డెల్టా గేదె కష్టమంతా ఇక్కడే ఉంది. దొడ్లో వామి నిండుగా ఉంటుంది, గేదె నెమరు ఆపదు, డొక్క నిండుతుంది. ఒంట్లో శక్తి మాత్రం చాలదు. వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ, భాస్వరం తక్కువ. పైగా ఈనిన తొలి రెండు మూడు నెలలూ ఉన్న గ్లూకోజును పొదుగే లాగేస్తుంది, పాలలోని చక్కెర తయారయ్యేది దాంతోనే. గర్భాశయం వంతు ఆ తర్వాతే. మనం మళ్లీ చూడి కట్టాలని ఆశపడేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.

పెద్దలు వరి కోతకు ముందే చేలో జనుము, పిల్లిపెసర చల్లేవారు. ఇప్పుడు చేపల చెరువులు తవ్విన చోట ఆ మేతా లేదు, గట్టు మీద పచ్చికా లేదు. దివిసీమలో వేసవికి కాలువలు కట్టేస్తే పచ్చగడ్డితో పాటు గేదె పొర్లే నీరూ కరువే. ఎండదెబ్బకు ఎద మూగబోతుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పశువులు కొట్టుకుపోయిన సీమ అది. మందను మళ్లీ నిలబెట్టుకున్నవాళ్లకు ఒక్కో ఈత విలువ ఒకరు చెప్పాలా?

సూది మీద పెట్టే శ్రద్ధలో సగం మేత మీద పెట్టాలని నా గట్టి నమ్మకం. ఎండుగడ్డికి పచ్చి జనుము కలపండి. తవుడు, తెలకపిండి, లవణ మిశ్రమం ఈనిన నాటి నుంచే అందాలి, ఎదకొచ్చాక కాదు. నూకల జావ మంచిదే, ఒక్కసారిగా ఎక్కువ పోస్తే పొట్ట పులిసి అసలుకే మోసం. పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలిన గేదెకు ముందు ఒళ్లు చేయనివ్వండి. తీగ తేటగా లేకుండా చీములా ఉంటే మేతతో కుదరదు, అది గర్భాశయపు వాపు. రెండుసార్లు పొర్లితే మూడో సూదికి ముందు దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలోనో, గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలోనో చూపించండి. సూది నిలిచిందనిపిస్తే నెల దాటాక స్కానింగ్ చేయించండి. మళ్లీ ఎద కనిపించకపోతే చూడి కట్టినట్టే అనుకుని ఊరుకోవద్దు, మన గేదెల్లో మూగ ఎద ఎక్కువ.