కట్లపాము కాటు నొప్పి ఎందుకు తెలియదు?

రాత్రి నేలమీద పడుకున్నవారిని కట్లపాము కరిస్తే చాలాసార్లు మెలకువ కూడా రాదు. దాని కోరలు చిన్నవి. నాగుపాము, రక్తపింజర విషాల్లా దీని విషం కరిచినచోటి కండను పాడుచేయదు. అందుకే వాపు, మంట పెద్దగా ఉండవు. అది నరాల కొసలపై పనిచేసి, కండరాలకు సంకేతాలు అందకుండా చేస్తుంది. కొన్ని గంటలకు కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. చివరికి శ్వాస కండరాలు చచ్చుబడి ఊపిరి ఆడదు.

విరుగుడు మందు రక్తంలోని విషాన్ని అడ్డుకుంటుందే గాని, అప్పటికే దెబ్బతిన్న నరాల కొసలను బాగుచేయలేదు. అవి కోలుకునేదాకా వెంటిలేటరే ఆధారం. కాబట్టి నొప్పి లేదని తెల్లారేదాకా ఆగకూడదు. కట్టు బిగించకుండా, గాటు పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మంచంమీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే ఈ ముప్పు బాగా తగ్గుతుంది.