క్రీడానిర్వహణ విద్యయు, దారి చూపు పెద్దలును

మన బరంపురమున వ్యాయామశాలకు పోవు పిల్లల తండ్రులు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "ఆటలాడిన కడుపు నిండునా?" దీనిని పరిహాసముగా త్రోసివేయరాదు. మన యూరి కె. రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలయందు 69 కిలోల తరగతి బరువులెత్తు పోటీలో స్వర్ణపతకమును, 2014లో గ్లాస్గోలో 77 కిలోల తరగతిలో రజతపతకమును గెలిచినప్పుడు మనమందఱము గర్వించితిమి. అయితే అట్టి యినుమునే యేండ్ల తరబడి యెత్తి, భుజము నొచ్చియో, రెండు కిలోలు తక్కువపడియో ఇంటికి మఱలిన వారెందఱు! వారికి మనము చూపు దారి రైల్వేలోనో, పోలీసుశాఖలోనో క్రీడాకోటా యుద్యోగము. అది పతకములు గలవారికే చాలుట లేదు.

ఇట్టి పిల్లలకు వేఱొక దారి కలదు. దానినే స్పోర్ట్సు మేనేజిమెంటు, అనగా క్రీడానిర్వహణ మందురు. 2018లో భువనేశ్వరమునందలి కళింగ స్టేడియములోను, 2023లో భువనేశ్వర, రూర్కెలా నగరములలోను పురుషుల ప్రపంచ హాకీ కప్పు పోటీలు జరిగినవి. రెండుమార్లును 16 జట్లు వచ్చినవి. మైదానమున జట్టునకు పదునొకండుగురే యాడుదురు. కాని వారి బస, భోజనము, బస్సులు, టిక్కెట్ల యమ్మకము, వైద్యము, నిషిద్ధౌషధ పరీక్ష, టెలివిజను ఒప్పందములు, వాన పడినచో చేయవలసిన యేర్పాటు, ఇవన్నియు నెవరో ముందుగా కాగితముపై వ్రాసికొని నడపవలసినవే. మన కిది పూర్తిగా క్రొత్త విద్య కాదు. రెండేండ్లకొకమారు జరుగు ఠాకురాణి యాత్రలో ఘటముల యూరేగింపు, వేషములు, వీధుల రద్దీ, ఖర్చుల లెక్క చూచుకొనువారిని మన మెఱుగుదుము. దేశిబెహరా పెద్దఱికమున మన దేవాంగ కుటుంబములు తరతరములుగా నా బాధ్యత మోయుచున్నవి.

చదువు విషయమున పెక్కుమంది పొరబడుచున్నారు. 1961లో పటియాలాలో స్థాపింపబడిన జాతీయ క్రీడాసంస్థ ముఖ్యముగా శిక్షకులను తయారుచేయును. 1957లో గ్వాలియరున వెలసిన లక్ష్మీబాయి సంస్థ వ్యాయామవిద్యకు ప్రసిద్ధి. ఆడించువాడు వేఱు, ఆట సక్రమముగా జరుగునట్లు చూచువాడు వేఱు. ఈ రెండవ విద్యను బోధించువానిలో కలకత్తాలోని సాంఘిక సంక్షేమ, వ్యాపార నిర్వహణ సంస్థయు, రోహ్తక్ నందలి ఐ. ఐ. ఎమ్.ను చేరినవి. ప్రైవేటు సంస్థలును పెక్కు బయలుదేరినవి. ఫీజు కట్టుటకు ముందు తలిదండ్రు లొక్కటి యడుగవలెను: "పని నేర్చుకొనుటకు మా బిడ్డను ఏ క్లబ్బునకు పంపుదురు? అచ్చట వాని పనిని చూచి దిద్దువా రెవరు?" స్పష్టమైన జవాబు రానిచో ఆ రంగుల కరపత్రమును మడిచి తిరిగి యిచ్చివేయుడు.

అసలు చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఈ రంగమున కొలువులు చాలవఱకు బ్యాంకు పరీక్షలవలె పత్రికాప్రకటనతో రావు. క్రీడాసంఘములవారు, లీగు జట్లవారు తాము పని చూచిన వారినే పిలుతురు. మహానగరమున మేనమామయో పొరుగువాడో ఈ వృత్తిలో నున్నచో ఆ పిలుపు పిల్లవాని చెవిని బడును. మగ్గము నేయు నింటి బిడ్డకును, చిల్లరకొట్టు నడపు నింటి బిడ్డకును అది వినబడదు. మార్కులు తక్కువై కాదు, చెప్పువారు లేక.

వ్యాయామశాలలో గురువు చేయునదేమి? శిష్యుని బరువు తానెత్తడు. ప్రక్కన నిలిచి, పాదము సరిగా లేదనును. నేడు వలదు, వచ్చే వారము రెండు కిలోలు పెంచుమనును. క్రీడానిర్వహణ విద్యార్థికి కావలసిన పెద్దయు నట్టివాడే. సిఫారసు ఉత్తరము వ్రాసి చేతులు దులుపుకొనువాడు కాడు. ఈ పిల్లవానికి లెక్కలయందు శ్రద్ధ గలదు కనుక జమాఖర్చుల వైపు, ఈ పిల్ల చక్కగా మాటలాడును కనుక పత్రికల వైపు అని పోల్చుకొని, మొదట చిన్న టోర్నమెంటున పని యిప్పించి, తప్పులు చూపవలెను. అనుభవము వచ్చునని యాశ చూపి యేండ్ల తరబడి జీతము లేక పని చేయించుకొనువారు ఈ రంగమున లేకపోలేదు. అట్టిచోట చాలునని చెప్పవలసినవాడును అతడే. విద్యార్థియు ఉట్టిచేతులతో పోరాదు. చేసిన పనిని నోటుబుక్కున వ్రాసికొని, నిర్దిష్టమైన ప్రశ్నతో పోవలెను. ఆడపిల్లల విషయమున ఈ కలయికలు ఇంటివారికి తెలిసియే జరుగవలెను.

మన పొరుగున శ్రీకాకుళము జిల్లా వూసవానిపేటలో కరణం మల్లేశ్వరికి చిన్ననాట బరువులెత్తుట నేర్పినవాడు నీలంశెట్టి అప్పన్న. 2000లో సిడ్నీ ఒలింపిక్కులలో 240 కిలోలెత్తి కాంస్యపతకము నందుకొని, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతమహిళ ఆమె యయ్యెను. 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతిగా నియమింపబడెను. పల్లెలోని వ్యాయామశాలనుండి పరిపాలనపీఠము వఱకు దారి కలదని మన పిల్లలకు చెప్పుట కింతకంటె దగ్గరి నిదర్శనము దొరకదు.

మన పిల్లలకు మఱొక సొత్తు కలదు. మనమే దానిని గుర్తింపము. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, బడిలో హిందీ, ఇంగ్లీషు. వివిధ రాష్ట్రముల జట్లు దిగిన స్టేషనులో నాలుగు భాషలు మాటలాడగల స్వచ్ఛందసేవకుని విలువ యేపాటిదో నిర్వాహకుల నడిగిన చెప్పుదురు.

బడి చేయగలిగినదియు కొంత కలదు. వార్షిక క్రీడోత్సవపు పోటీల పట్టిక, ప్రథమచికిత్స పెట్టె, బహుమతుల కొనుగోలు, జమాఖర్చులు తొమ్మిది, పది తరగతులవారికి అప్పగించి ఉపాధ్యాయులు ప్రక్కన నిలువవచ్చును. తప్పులు వచ్చును, రానిండు. క్రీడాశాఖలలో నున్న పూర్వవిద్యార్థులు సెలవులలో ఊరికి వచ్చినపు డొక పూట పిల్లలతో గడపినచో మంచిది. ఈమారు క్రీడోత్సవమునకు వచ్చు తలిదండ్రులు బహుమతుల బల్లనే కాక, మూలను కూర్చుండి లెక్కలు వ్రాయుచున్న పిల్లల బల్లను గూడ నొకసారి చూచి పోవలెనని మనవి.