పంక్తికి ఎన్ని అక్షరములు?

తిరుపతి జిల్లాలోని పులికాట్ సరస్సు పేరులో మన కంటికి కనబడు అక్షరములు నాలుగే. కంప్యూటరు లెక్కలో గుర్తులు 8: ప, ఉకారము, ల, ఇకారము, క, ఆకారము, ట, పొల్లు. యూనికోడ్ పద్ధతిలో ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క సంఖ్య కలదు.

పెద్ద వాక్యమును సమానమైన పంక్తులుగా మడచుటకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అను నమూనాసూత్రము తోడ్పడును. "40 గుర్తులకు మించకుండ వీలైనన్ని తీసికొనుము, వెంటనే ఖాళీ యుండవలెను" అని దాని భావము. 41వ గుర్తు ఖాళీ కానిచో, యంత్రము వెనుకటి ఖాళీకి మరలి, అచట పంక్తిని విరుచును.

పంక్తికన్న పదమే పొడవైనపుడు చిక్కు కలుగును. పంక్తికి 5 గుర్తులే పట్టునన్నచో, "పులిక" పైన నిలిచి, దీర్ఘము క్రిందికి జారి, ఊరి పేరే చెడును. కావున తెలుగునకు గుర్తులను గాక పూర్తి అక్షరములను లెక్కింపవలెను. వత్తు సయితము తన హల్లును వీడకుండునట్లు యూనికోడ్ నియమము 2023లో సవరింపబడినది.