కుదరని ఇంటికి కుంగిపోవద్దు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కొనటమూ అంతకు తక్కువ పనేమీ కాదు. బయానా ఇచ్చి వచ్చిన రాత్రే ఇంట్లో గదుల పంపకం మొదలవుతుంది. గాలి వచ్చే గది దాదీకి, వీధివైపు గది పిల్లల చదువుకు. మస్జిద్ ఎంత దూరమో, స్కూలు ఎంత దూరమో లెక్కలు వేసుకుంటారు. చుట్టాలకు కబురు వెళుతుంది. అంతలో అమ్మేవారు వచ్చి 'ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటున్నారు, మీ బయానా మీరు తీసుకోండి' అంటే ఇంటిల్లిపాదికీ నోట మాట రాదు.

ఈ బాధ చిన్నది కాదు. వడ్డీ అప్పు వద్దనుకుని ఏళ్ల తరబడి కూడబెట్టి, చాలక నగలు కూడా అమ్ముకున్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ ఏళ్లన్నీ వృథా అయినట్టు వారికి తోస్తుంది. 'పోనివ్వండి, ఇల్లే కదా' అంటే అది ఓదార్పు కాదు. నాలుగు రోజులు బాధపడనివ్వాలి. బాధపడినంత మాత్రాన సబ్ర్ లేనట్టు కాదు.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. 'మీరు ముందే వెళ్లి ఉంటే', 'నీ నగలు అప్పుడే ఇచ్చి ఉంటే' అని భార్యాభర్తలు ఒకరినొకరు అనుకుంటారు. ఇల్లు పోయింది ఒక్కసారే. ఈ మాటలు మాత్రం ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. మరికొందరు పంతానికి పోయి, కనిపించిన మొదటి ఇంటికే బయానా ఇచ్చేస్తారు. నొచ్చుకున్న మనసుతో ఉన్నవారు కాగితాలు నిదానంగా చదవరు.

అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మనది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. అలాగని ఆ కాగితం ఉత్తది కాదు. అమ్మేవారు మాట తప్పితే రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టును కోరవచ్చు. అందులో గడువు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. 2016 నాటి రెరా చట్టం పరిధిలోని ఫ్లాటయితే, అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. గడువుకు ఫ్లాటు అప్పగించకపోతే, మనం వద్దనుకున్నప్పుడు వడ్డీతో సహా సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఆ వడ్డీ సంగతి మీకు నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోండి. అసలు మాత్రం వదులుకోనక్కరలేదు.

కొన్ని బేరాలు చెడిపోవటమే మేలు. ఈసీలో పాత తాకట్టు బయటపడినా, ఆ స్థలం 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నా, వక్ఫ్ భూమి అని తేలినా వెనక్కి రావటమే మంచిది. వక్ఫ్ భూమిని సొంత ఆస్తిలా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. అక్కడ చేజారింది ఇల్లు కాదు, జీవితకాలపు తగాదా.

పిల్లలకు ఉన్న సంగతి చెప్పండి. ఎంతవరకు పెట్టగలరో ఇద్దరూ కూర్చుని మళ్లీ లెక్క వేసుకోండి. చేతిలో సొమ్ము ఉండి, ఇంట్లో మాట పొందిక ఉంటే ఇల్లు కొనే శక్తి ఇంకా మీకు ఉన్నట్టే.