వేలు చదువుతుంది... మెదడు చూస్తుంది!

చూపున్నవారు కళ్లతో చదువుతారు. చూపులేనివారు వేళ్లతో చదువుతారు. మరి వారి మెదడులో చూపు కోసమని ప్రకృతి కట్టిపెట్టిన గది తాళం వేసి ఉంటుందా? ఓ అయస్కాంతం వెళ్లి ఆ తలుపు తట్టింది. లోపలి నుంచి వచ్చిన జవాబు శాస్త్రవేత్తల్నే ఆశ్చర్యపరిచింది.

కరెంటు పోయింది. చిమ్మచీకటి. అలమర్లో చెయ్యి పెట్టి తడుముతాం. ఇది కొవ్వొత్తి... ఇది మందుల డబ్బా... ఆఁ, అగ్గిపెట్టె దొరికింది! కన్ను చేయాల్సిన పనిని వేళ్లు క్షణాల్లో చేసేస్తాయి. నిజానికి వేళ్లు చేసేది సగం పనే. వేలికొస నుంచి బయల్దేరిన సంకేతం వెన్నుపాము మీదుగా సెకనులో యాభయ్యో వంతులో మెదడుకు చేరుతుంది. 'ఇది అగ్గిపెట్టె' అని తేల్చేది అక్కడే.

మెదడులో స్పర్శకంటూ ఓ చోటుంది. నడినెత్తి నుంచి రెండు చెవుల వైపూ దిగే పట్టీలాంటి ప్రాంతమది. కెనడాకు చెందిన ప్రఖ్యాత న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ గత శతాబ్దంలోనే దాని పటం గీశారు. ఆపరేషన్ సమయంలో మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నని కరెంటుతో తాకి, 'ఎక్కడ తగిలినట్టుంది?' అని అడిగి తెలుసుకున్నారాయన. ఆ పటంలో వీపు మొత్తానికి దక్కినదానికన్నా వేళ్లకూ పెదవులకూ దక్కిన చోటు చాలా ఎక్కువ. కానీ ఇలాంటి పరీక్షల కోసం ఆరోగ్యంగా ఉన్నవారి పుర్రె తెరవలేం కదా. అక్కడే అయస్కాంతం అవసరం పడింది.

పుర్రె తెరవకుండానే...

తీగచుట్టలో కరెంటు మారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు దగ్గర్లో ఉన్న మరో వాహకంలో కరెంటు పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన ఈ సూత్రాన్ని మనమంతా హైస్కూల్లో చదువుకున్నదే. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో ఆంథోనీ బార్కర్ బృందం దాన్ని మనిషి తల మీద ప్రయోగించి చూసింది. అదే 'ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్'... పొట్టిగా టీఎంఎస్.

ఇంగ్లిషు ఎనిమిది అంకె ఆకారంలో ఉండే తీగచుట్టను తలకు ఆనిస్తారు. టక్కున ఓ చప్పుడు. సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని ఆ క్షణంలో, ఆస్పత్రుల్లోని ఎంఆర్ఐ యంత్రానికి సాటివచ్చే అయస్కాంత క్షేత్రం పుట్టి మాయమవుతుంది. పుర్రె దాన్ని అడ్డుకోలేదు. లోపల రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకూ నాడీకణాల్లో కరెంటు పుడుతుంది. కదలికల కేంద్రం మీద పెడితే మన ప్రమేయం లేకుండానే బొటనవేలు ఎగురుతుంది! స్పర్శ కేంద్రం దగ్గర సరైన సమయానికి తగిలిస్తే వేలికి తాకిన సన్నని స్పర్శ తెలియకుండానే పోతుంది. కాసేపటికి అంతా మామూలే.

స్కానింగులు ఉండగా ఇదెందుకు అనిపించవచ్చు. పెళ్లింటికి వెళ్లండి. అందరూ హడావుడిగా తిరుగుతూనే ఉంటారు. వంట ఎవరి చేతి మీద నడుస్తోందో ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కరినీ కాసేపు పక్కన కూర్చోబెట్టండి. ఎవరు కూర్చుంటే వంట ఆగిందో వారే అసలు మనిషి. స్కాన్ చూపేది హడావుడిని. టీఎంఎస్ పట్టిచ్చేది అసలు మనిషిని.

అది ఖాళీ గది కాదు

మన చూపు కేంద్రం తల వెనక భాగంలో ఉంటుంది. పుట్టుకతోనే చూపులేనివారిలో దానికి పనేముంటుందని చాలాకాలం అనుకున్నారు. 1996లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు బ్రెయిలీ చదువుతున్న అంధులకు మెదడు స్కాన్ తీశారు. చూపు కేంద్రం చురుగ్గా కనిపించింది! హడావుడేనా, నిజంగా పనిచేస్తోందా?

మరుసటి ఏడాదే లియొనార్డో కోహెన్ బృందం ఆ సంగతి తేల్చింది. చిన్నతనంలోనే చూపు పోయినవారు బ్రెయిలీ చదువుతుండగా తల వెనక టీఎంఎస్ ఇచ్చారు. తప్పులు మొదలయ్యాయి. కొందరికి ఉన్న చుక్కలు తగల్లేదు. కొందరికి లేని చుక్కలు తగిలాయి. వేలు పేజీ మీదే ఉంది, కానీ అక్షరం చెదిరిపోయింది. చూపున్నవారి వేళ్లకు ఉబ్బెత్తు అక్షరాలిచ్చి అదేచోట టీఎంఎస్ ఇస్తే అలాంటి ఇబ్బంది కనిపించలేదు. అంటే అంధుల్లో ఆ గదికి తాళం లేదు. అందులో స్పర్శ కాపురముంటోంది.

2000లో ప్రచురితమైన ఓ మహిళ కథ దీన్నే మరోలా చెప్పింది. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. బ్రెయిలీలో దిట్ట. పక్షవాతం వచ్చి మెదడులో రెండువైపులా చూపు కేంద్రాలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత కూడా కాగితం మీద చుక్కలున్నాయని ఆమె వేళ్లకు తెలుస్తూనే ఉంది. అవి ఏ అక్షరమో మాత్రం తెలియలేదు. ఎప్పుడూ చూసి ఎరగని మనిషికి 'చూపు' కేంద్రం పోతే చదువు పోయింది!

ఐదు రోజుల గంతలు

మరి చూపున్నవారి మాటేమిటి? అమెరికాలోని బోస్టన్‌లో ఆల్వరో పాస్కల్ లియోన్ బృందం కొందరికి ఐదు రోజులపాటు కళ్లకు గంతలు కట్టి బ్రెయిలీ నేర్పింది. ఐదో రోజున తల వెనక టీఎంఎస్ ఇస్తే వాళ్లూ తడబడ్డారు. గంతలు విప్పిన ఒక్క రోజుకు మళ్లీ పరీక్షిస్తే ఏ తేడా లేదు! 2008లో వెలువడిన ఈ ఫలితం ఓ కొత్త ఆలోచన రేపింది. ఐదు రోజుల్లో మెదడులో కొత్త తీగలు లాగడం సాధ్యమా? ఉన్న దారులే తెరుచుకున్నాయేమో! మెదడు కొత్త పని నేర్చుకోవడం కన్నా, ముందునుంచీ ఉన్న శక్తికే పదును పెట్టుకుంటుందని 2023లో తమార్ మాకిన్, జాన్ క్రాకవర్ అనే శాస్త్రవేత్తలు గట్టిగా వాదించారు. ఆ చర్చ సాగుతోంది.

పద్నాలుగేళ్ల గీత

కన్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి మరొకటుంది. పద్నాలుగేళ్లు దాటాక చూపు కోల్పోయినవారిని కోహెన్ బృందం 1999లో పరీక్షించింది. వారిలో తల వెనక టీఎంఎస్ ఇచ్చినా బ్రెయిలీ చదువు చెదరలేదు. అంటే చూపు కేంద్రం స్పర్శకు ఇలా చోటివ్వడం చిన్న వయసులోనే జరుగుతుందన్నమాట. పెద్దయ్యాక బ్రెయిలీ రాదని దీనర్థం కాదు. పెద్దవాళ్లూ నేర్చుకుంటారు. కానీ చూపు తగ్గిపోతున్న బిడ్డను ఆస్పత్రుల చుట్టూ తిప్పుతూ, 'చూపు వచ్చాక చదివిద్దాంలే' అని ఏళ్లు గడిపేస్తే బిడ్డ మెదడు ఆగదు. చికిత్స దారి చికిత్సదే, బ్రెయిలీ దారి బ్రెయిలీదే. రెండూ కలిసి నడవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. టీఎంఎస్ చూపు తెప్పించే యంత్రం కాదు. ఎవరైనా అలా చెప్పి డబ్బడిగితే నమ్మొద్దు. మందులకు లొంగని డిప్రెషన్‌కు చికిత్సగా 2008లో అమెరికా అనుమతించింది. మన దేశంలోనూ మానసిక వైద్యులు వాడుతున్నారు. అరుదుగా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. అందుకే మూర్ఛ ఉన్నవారి విషయంలో వైద్యులు ఆచితూచి వ్యవహరిస్తారు. తలలో లోహపు భాగాలు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

లూయీ బ్రెయిల్ రెండువందల జయంతికి 2009లో మన ప్రభుత్వం రెండు రూపాయల నాణెం విడుదల చేసింది. మూడేళ్ల వయసులో కంటికి దెబ్బ తగిలి చూపు పోగొట్టుకున్న ఆ ఫ్రెంచి బాలుడు పదిహేనేళ్లకే ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. 1951లో రూపుదిద్దుకున్న భారతి బ్రెయిలీ పుణ్యమా అని ఇవాళ అవే ఆరు చుక్కల్లో 'అమ్మ', 'ఆవు' చదివే తెలుగు పిల్లలున్నారు. వాళ్ల వేలు పేజీ మీద కదులుతుంటే జాలిగా చూడకండి. ఆ క్షణాన తల వెనక ఓ గదిలో దీపం వెలుగుతూ ఉంటుంది.