లాక్ నట్ కీ పోయింది, టైర్ ఎలా విప్పాలి?

ఈ రోజు టాపిక్ చిన్నదే. కానీ ఇరుక్కున్నోళ్లకి మాత్రం చుక్కలు కనిపిస్తాయి. అలాయ్ వీల్స్‌కి వేసే లాక్ నట్ కీ పోతే టైర్ విప్పడం ఎలా అని.

ముందు నా సంగతి చెప్తా. కిందటి సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం. సూర్యాపేట దాటాక ఏదో ఇనుప ముక్క మీద ఎక్కి టైర్ సైడు చీలిపోయింది. రాత్రి పదిన్నర. వెనక సీట్లో అమ్మ, మా చిన్నోడు. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నా. మూడు నట్లు చకచకా వదులు చేసేశా. నాలుగోదానికి పానా పెడితే పట్టట్లేదు. ఫోన్ లైట్ వేసి చూస్తే దానికి ఆరు పలకలే లేవు. గుండ్రంగా ఉంది, మధ్యలో పువ్వులాంటి గాడి. డిక్కీ అంతా కిందా మీదా చేశా, కీ లేదు. నెల క్రితం వీల్ అలైన్‌మెంట్ చేయించిన చోట వాళ్ల టూల్ ట్రేలోనే ఉండిపోయిందట. తర్వాత తెలిసింది.

ఆ రాత్రి నేను రోడ్డు పక్కన సుత్తి పట్టుకోలేదు, మీరూ పట్టుకోకండి. లారీలు పక్కనుంచే రయ్యిన పోతుంటాయి. హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ వెనక దూరంగా పెట్టి, ఇంట్లోవాళ్లని రెయిలింగ్ అవతల నిలబెట్టి 1033కి ఫోన్ చేశా. ఇది నేషనల్ హైవేల హెల్ప్‌లైన్, రోజంతా పని చేస్తుంది. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ఆ నంబర్ కూడా ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. బండిని ఎత్తుకెళ్లాక మర్నాడు షాపులో విప్పించా. అక్కడ చూసి నేర్చుకున్నదే ఇప్పుడు చెప్పేది.

అసలు ఈ లాక్ నట్ ఏంటంటే, అలాయ్‌లు ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక్కో చక్రానికి ఒక్కో నట్టు వేరే డిజైన్‌లో పెడతారు. కారు మొత్తానికి నాలుగు. నాలుగింటికీ కీ ఒకటే. కీ అంటే తాళం చెవిలా ఉండదు. చిన్న సాకెట్ ముక్క. ఒక వైపు ఆ గాడికి సరిపోయే డిజైన్, ఇంకో వైపు మామూలు పానా పట్టే ఆరు పలకలు. కొన్న రోజున చూసి ఉంటారు, తర్వాత మర్చిపోయి ఉంటారు.

అందుకే ముందు వెతకండి. డ్యాష్‌బోర్డు డబ్బా, హ్యాండ్ రెస్ట్ కింద, స్టెప్నీ గుంటలో జాకీ పెట్టే థర్మాకోల్ సందులు, డోర్ పాకెట్లు. సెకండ్ హ్యాండ్ కారైతే పాత ఓనర్‌కి ఒక ఫోన్ కొట్టండి. ఆఖరుసారి టైర్లు ఎక్కడ ముట్టుకున్నారో అక్కడికి కూడా. దొరక్కపోతే కొన్న ప్యాకెట్‌లో ఒక కార్డు వస్తుంది, దాని మీద కోడ్ ఉంటుంది. ఆ కోడ్ చెప్తే అదే కీ మళ్లీ తెప్పించుకోవచ్చు. కంపెనీ నుంచే వచ్చిన లాక్ అయితే షోరూమ్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి బండ్లకి డీలర్ల దగ్గర అన్ని డిజైన్ల కీలు ఉన్న మాస్టర్ సెట్ ఉంటుంది. ఒక్కోటి పెట్టి చూసి విప్పేస్తారు. ఆర్సీ అడుగుతారు, అడగడమే మంచిది. అడక్కుండా విప్పేవాడు రేపు మీ అలాయ్‌లు కూడా విప్పుతాడు!

ఇంకో మాట. మీ సమస్య మేకు గుచ్చుకున్న మామూలు పంక్చరే అయితే అసలు చక్రం ఎందుకు విప్పడం? ఇప్పుడు చాలా కార్లవి ట్యూబ్‌లెస్ టైర్లే. మేకు రోడ్డుకి తగిలే భాగంలో ఉంటే చక్రం బండికి ఉండగానే స్ట్రిప్ ఎక్కించి గాలి కొట్టొచ్చు. ముందు టైరైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చోటు దొరుకుతుంది. నాలాగా సైడు చీలితే మాత్రం విప్పక తప్పదు.

సరే, కీ లేదు, కోడ్ లేదు, డీలర్ దగ్గరా పని కాలేదు. అప్పుడు సుత్తి, సాకెట్. బండి నేల మీదే ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, చక్రాలకి రాయి అడ్డం పెట్టండి. జాకీ మీద ఎత్తి సుత్తితో కొట్టడం అనేది కలలో కూడా వద్దు.

ఇక్కడే ఆ రాత్రి నేను చేసిన తప్పు ఉంది. మిగతా మూడూ ముందు వదులు చేసేశా. అలా చేస్తే చక్రాన్ని అదిమిపెట్టే లోడ్ అంతా ఆ లాక్ నట్ మీదే పడుతుంది. అసలే పట్టు దొరకని నట్టు, ఇంకా బిగుసుకుంటుంది. షాపులో అతను ఏం చేశాడంటే, ఆ మూడింటినీ మళ్లీ గట్టిగా బిగించాడు. దాంతో లాక్ నట్ మీద లోడ్ కొంచెం తగ్గుతుంది. కీ ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి. విప్పేటప్పుడు లాక్ నట్ మొదట, బిగించేటప్పుడు ఆఖర్న.

తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఇరవై నిమిషాలు ఆగాడు. ఆ స్ప్రే బ్రేక్ డిస్క్ మీద పడకూడదు. పడితే బ్రేక్ పట్టదు. ఇక పన్నెండు మూలల సాకెట్ ఒకటి, నట్టు బయటి కొలత కన్నా ఒక్క పిసరు చిన్నది. ఉదాహరణకి 19 సైజు వదులుగా జారిపోతుంటే 18 పెట్టి చూడాలి. అది చేత్తో ఎక్కకూడదు, సుత్తి దెబ్బకి మాత్రమే ఎక్కాలి. ఎక్కేటప్పుడు దాని మూలలు నట్టుని కొరుక్కుని పట్టుకుంటాయి. అలాయ్ గీసుకుపోకుండా సాకెట్ చుట్టూ టేప్ చుట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి. సాకెట్ పగిలి ముక్క ఎగిరే ఛాన్స్ ఉంది. మంచి సెట్‌లోది కాకుండా పాతది వాడండి, దాని బతుకు అక్కడితో సరి.

బాగా దిగాక పొడవాటి రాడ్ తగిలించి, ఒక చేత్తో సాకెట్‌ని లోపలికి అదిమి పట్టుకుని, నెమ్మదిగా ఎడమ వైపు లాగాలి. జర్క్ ఇస్తే, రాడ్ మీద ఎక్కి తొక్కితే సాకెట్ జారిపోయి ఉన్న కాస్త పట్టూ పోతుంది. మాది టక్‌మని ఒక శబ్దం చేసి కదిలింది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ ఇష్టం. బయటికొచ్చిన నట్టు సాకెట్‌లోనే ఇరుక్కుంటుంది. చతురస్రం రంధ్రంలోంచి రాడ్ పెట్టి కొడితే ఊడుతుంది, తర్వాతి మూడింటికి పనికొస్తుంది.

ఇదే పని కోసం లోపల మెలికల గాడులున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు దొరుకుతాయి. విప్పే వైపు తిప్పేకొద్దీ ఇంకా గట్టిగా కొరుకుతాయి. దొరికితే మామూలు సాకెట్ కన్నా అదే నయం.

అన్ని నట్లూ ఇంత మంచివి కావు. కొన్నింటికి బయట ఒక రింగ్ ఉంటుంది, అది ఊరికే తిరుగుతుంది. మీరు సాకెట్ ఎక్కించినా రింగే తిరుగుతుంది, నట్టు నవ్వుతూ కూర్చుంటుంది. ముందు ఆ రింగ్‌ని ఉలితో పగలగొట్టి తీసి, అప్పుడు లోపలి భాగానికి ఎక్స్‌ట్రాక్టర్ ఎక్కించాలి. నట్టు అలాయ్ లోతులో ఉంటే డ్రిల్ చేయాల్సి రావచ్చు. ఈ రెండూ ఇంటి దగ్గర చేసే పనులు కాదు. ఎవరైనా "వెల్డింగ్ పెట్టి లాగేద్దాం సార్" అంటే ఒప్పుకోకండి. గాలి ఉన్న టైర్ బిగించి ఉండగా చక్రాన్ని అంత వేడి చేస్తే టైర్ పేలే ప్రమాదం ఉంది, మనుషులు పోతారు.

నట్టు బదులు బోల్టు ఉండే కార్లలో తల విరిగిపోయినా కంగారు పడకండి. చక్రం బయటికొచ్చాక మిగిలిన ముక్క మీద లోడ్ ఉండదు కాబట్టి, బయటికి పొడుచుకుని ఉంటే గ్రిప్ ప్లయర్‌తో తిప్పినా వచ్చేస్తుంది.

ఒకటి విప్పితే నాలుగూ విప్పించేయండి. కొత్తవి కొనేటప్పుడు "కార్ నట్టు ఇవ్వండి" అనొద్దు. మారుతి బండ్లకి మర 12 బై 1.25, హ్యుందాయ్, టయోటా, హోండాలకి 12 బై 1.5. తేడా కంటికి కనపడదు, బలవంతంగా బిగిస్తే స్టడ్ మర పోతుంది. నట్టు కూర్చునే చోటు కూడా చూడాలి. కోన్ లాగా ఉందా, గుండ్రంగా ఉందా, ఫ్లాట్‌గా ఉందా? పాతది జేబులో వేసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోవడం బెస్ట్.

బిగించేటప్పుడు ఎయిర్ గన్ వద్దని గట్టిగా చెప్పండి, లాక్ నట్లు పాడయ్యేది ఎక్కువగా దానితోనే. చేత్తో, టార్క్ రెంచ్‌తో. చాలా చిన్న కార్లకి 100 న్యూటన్ మీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది, కరెక్ట్ నంబర్ మాన్యువల్‌లో ఉంటుంది. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చెక్ చేయించండి.

నేనైతే మళ్లీ లాక్ నట్లు వేయించలేదు, మామూలువే వేయించా. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ ఉన్నాడు, కెమెరా ఉంది. మీ కారు రాత్రిళ్లు రోడ్డు మీద ఉంటే మీ లెక్క వేరు, వేయించుకోండి. కానీ కీని జాకీతో పాటే ఒక సంచిలో కట్టేయండి, కోడ్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. టైర్ షాపు నుంచి బండి బయటికి తీసే ముందు సంచి విప్పి చూసుకోండి. ఉంటానండి.